లేహ్‌లో విమానం రద్దయితే మనాలి దారిన తిరిగి రావడం ఎలా

పాలమూరు, నల్లగొండల నుంచి లద్దాఖ్ వెళ్లినవారికి తిరుగు విమానం వాతావరణం వల్ల రద్దై, మరుసటి రోజు కూడా సీటు దొరకకపోతే, వేసవిలో మనాలి రోడ్డు ఒక దారి. అయితే ముందు టికెట్ డబ్బు వాపసు కోరి, రద్దు సందేశాన్ని భద్రపరచుకోవాలి. దారి తెరిచి ఉందో లేదో స్థానిక పోలీసులను అడగాలి.

సుమారు 430 కిలోమీటర్ల ఈ ప్రయాణాన్ని ఒక్క రోజులో ముగిస్తామనే డ్రైవర్లను, ఎంత తక్కువ అడిగినా, నమ్మకపోవడమే మేలు. తెల్లవారకముందే బయలుదేరాలి, ఎందుకంటే ఎండ ముదిరేకొద్దీ కరిగిన మంచునీరు వాగుల్లో పెరిగి, మధ్యాహ్నానికి రోడ్డును ముంచెత్తవచ్చు. దారిలోని తాగ్లాంగ్ లా కనుమ 5,300 మీటర్లకు పైనే ఉంటుంది కనుక అక్కడ ఫొటోల కోసం ఎక్కువసేపు ఆగకూడదు. రాత్రి బసకు 4,200 మీటర్లు దాటిన సర్చు కన్నా, కిందనున్న జిస్పా గాని కేలాంగ్ గాని నయం. తలనొప్పితో పాటు వాంతులు, తడబాటు మొదలైతే ఇంకా ఎత్తుకు వెళ్లకుండా వెంటనే కిందికి దిగాలి.

హోటళ్లు అరుదు, మన సకినాలు, అటుకులు మిగిలి ఉంటే అక్కరకొస్తాయి. 2020లో ప్రారంభమైన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటాక మనాలి దగ్గరే. అక్కడి నుంచి రాత్రి బస్సులో ఢిల్లీ, ఆపై తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ చేరవచ్చు.