హంటింగ్టన్ వ్యాధిపై విజ్ఞానసర్వస్వ వ్యాసాన్ని మెరుగుపరచడం ఎలా

తెలుగు వికీపీడియాలో వైద్య వ్యాసాన్ని విస్తరించాలనుకునేవారు చాలావరకు ఆంగ్ల వ్యాసాన్ని పక్కన తెరిచిపెట్టుకుని మొదటి వాక్యం నుంచి అనువాదం మొదలుపెడతారు. హంటింగ్టన్ వ్యాధి వంటి వంశపారంపర్య నాడీ వ్యాధి విషయంలో ఈ వరుస సరైనది కాదని నా అభిప్రాయం. ఈ వ్యాసం చదవడానికి విద్యార్థులతో పాటు, తండ్రికో మేనత్తకో ఈ జబ్బు ఉందని కొత్తగా తెలిసినవారు కూడా వస్తారు. తమకు వస్తుందా, తమ పిల్లలకు వస్తుందా అన్నదే వారి మొదటి ప్రశ్న కాబట్టి, సవరణను అనువంశికత విభాగంతో ప్రారంభించి, అక్కడి ప్రతి అంకె సరిగా ఉందని తేలిన తరువాతే మిగతా భాగాల మీదికి వెళ్లాలి.

అంతకుముందు వ్యాసపు చర్చాపేజీని, పేజీ చరిత్రను ఒకసారి చదవాలి. ఎవరో ఇప్పటికే అభ్యంతరం చెప్పిన వాక్యాన్ని తెలియక మళ్లీ చేర్చడం, యంత్రానువాదంతో వచ్చిన పేరాను నమ్మి దాని మీదే కట్టుకుంటూ పోవడం, రెండూ తరచుగా జరిగే పొరపాట్లే. పెద్ద మార్పులను సొంత ప్రయోగశాలలో (వికీలో ముసాయిదా రాసుకునే సొంత పేజీలో) రాసి సరిచూసుకున్నాక వ్యాసంలోకి తేవడం మంచిది. స్పష్టంగా తప్పని తెలిసిన అంకెను మాత్రం, దిద్దుబాటు సారాంశంలో కారణం రాసి, వెంటనే సరిచేయాలి.

మూలాల ఎంపికలో వైద్య వ్యాసాలకు వికీపీడియా పెట్టుకున్న నియమం కఠినమైనది: ఒక్కొక్క పరిశోధన పత్రం కంటే, అనేక పరిశోధనలను తూచి చెప్పిన సమీక్షా వ్యాసాలకు, వైద్య సంఘాల మార్గదర్శకాలకు, ప్రామాణిక పాఠ్యగ్రంథాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. అవి వీలైనంతవరకు గత ఐదేళ్లలో వచ్చినవై ఉండాలి. హంటింగ్టన్ వ్యాధికి, జన్యు వ్యాధులపై నిపుణులు రాసే ఆన్‌లైన్ గ్రంథమైన జీన్‌రివ్యూస్‌లోని అధ్యాయం ఉచితంగా దొరుకుతుంది, ఎప్పటికప్పుడు సవరణ పొందుతుంది కనుక మొదటి ఆధారంగా దాన్నే తీసుకోవచ్చు. వైద్య పరిశోధన పత్రాల సూచికైన పబ్‌మెడ్‌లో వెతికేటప్పుడు సమీక్షలను మాత్రమే చూపే వడపోతను పెట్టుకుంటే పని తగ్గుతుంది. వార్తాపత్రికల ఆరోగ్య పేజీలు, ఆసుపత్రుల ప్రచార వెబ్‌సైట్లు, మందుల కంపెనీల ప్రకటనలు ఎంత చక్కటి తెలుగులో ఉన్నా వైద్య విషయాలకు ఆధారాలు కావు. అలాగే, ఆంగ్ల వ్యాసంలో ఉన్న మూలాన్ని తెరిచి చూడకుండా తెలుగులోకి ఎత్తి రాయడం ఆ మూలాన్ని చదివినట్టు నటించడమే అవుతుంది.

ఇక అనువంశికత విభాగం. హంటింగ్టన్ జన్యువు ఉన్నవారికి ఈ వ్యాధి వస్తుందన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. అది తప్పు, ఎందుకంటే నాలుగో క్రోమోజోమ్ పొట్టి భుజం మీద ఉండే ఆ జన్యువు మనుషులందరిలోనూ ఉంటుంది. వ్యాధికి కారణం ఆ జన్యువులో సీఏజీ అనే మూడక్షరాల క్రమం మితిమీరి పునరావృతం కావడం. 26 లేదా అంతకంటే తక్కువ పునరావృతాలు సాధారణం. 27 నుంచి 35 వరకు ఉన్నవారికి సాధారణంగా వ్యాధి రాదు కాని, ముఖ్యంగా తండ్రి నుంచి సంక్రమించేటప్పుడు, బిడ్డలో ఆ సంఖ్య పెరిగే అవకాశం ఉంటుంది. 36 నుంచి 39 వరకు ఉన్నవారిలో కొందరికి వ్యాధి వస్తుంది, కొందరికి జీవితాంతం రాకపోవచ్చు. 40 లేదా అంతకు మించితే, సాధారణ ఆయుర్దాయం ఉన్న వ్యక్తికి వ్యాధి వస్తుందనే భావిస్తారు. ఈ నాలుగు శ్రేణులనూ కలిపి, 36 దాటితే వ్యాధి ఖాయమని ఒక్క వాక్యంలో కుదించిన వ్యాసం, పరీక్ష నివేదిక చేతిలో పట్టుకున్న మనిషికి అన్యాయం చేస్తుంది.

పునరావృతాల సంఖ్య పెరిగేకొద్దీ లక్షణాలు చిన్న వయసులో మొదలవుతాయన్నది నిజమే. అయితే లక్షణాలు మొదలయ్యే వయసులోని తేడాలన్నింటినీ ఆ సంఖ్య వివరించలేదు. డీఎన్‌ఏ మరమ్మతుకు సంబంధించిన ఇతర జన్యువుల పాత్ర కూడా ఉందని పరిశోధనలు చూపాయి. అందువల్ల సీఏజీ సంఖ్య పక్కన వయసును చూపే పట్టికను వ్యాసంలో పెట్టకపోవడమే మేలు.

సంభావ్యతను చెప్పే వాక్యానికి మరింత జాగ్రత్త కావాలి. ఇది బహిర్గత లక్షణంగా, అంటే తల్లి నుంచో తండ్రి నుంచో మార్పు చెందిన జన్యువు ఒక్కటి వచ్చినా చాలు అన్న పద్ధతిలో, సంక్రమించే వ్యాధి కనుక, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పుట్టే ప్రతి బిడ్డకు, ఆడైనా మగైనా, 50 శాతం అవకాశం ఉంటుంది. నలుగురు పిల్లలుంటే ఇద్దరికి వస్తుందని దీని అర్థం కాదు. నలుగురికీ రావచ్చు, ఒక్కరికీ రాకపోవచ్చు. మార్పు చెందిన జన్యువు సంక్రమించని బిడ్డ దాన్ని తన సంతానానికి ఇవ్వడం జరగదు, కాబట్టి ఒక తరాన్ని దాటవేసి మనవలకు వస్తుందన్న మాటను తొలగించాలి. లక్షణాలు బయటపడకముందే తండ్రి వేరే కారణంతో చనిపోయిన కుటుంబాల్లో తరం దాటినట్టు కనిపిస్తుంది, అంతే.

తెలుగు పాఠకుల కోసం ఇక్కడ ప్రత్యేకంగా చేర్చవలసిన వివరణ ఒకటుంది. వంశపారంపర్య వ్యాధి అనగానే మన ఇళ్లలో మేనరికం ప్రస్తావన వస్తుంది. రక్తసంబంధీకుల వివాహాలు పెంచేది విల్సన్ వ్యాధి, ఫ్రైడ్రైక్ అటాక్సియా వంటి అంతర్గత లక్షణ వ్యాధుల (తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ మార్పు చెందిన జన్యువు వస్తేనే కలిగే వ్యాధుల) అవకాశాన్ని. హంటింగ్టన్ వ్యాధి రావడానికి మార్పు చెందిన జన్యువు ఒక్కటి ఉన్నా చాలు కనుక మేనరికం దీనికి కారణం కాదు. వేరే వ్యాధి వ్యాసం నుంచి నివారణ విభాగాన్ని నకలు చేసినప్పుడు ఈ తప్పు ఇందులోకి సులభంగా చొరబడుతుంది.

లక్షణాల విభాగంలో, అసంకల్పితంగా ఒళ్లు కదలడాన్ని మాత్రమే వర్ణించి వదిలేయకూడదు. కుంగుబాటు, చిరాకు, నిర్లిప్తత వంటి మానసిక మార్పులు, పనులను ఒక క్రమంలో చేసుకునే శక్తి తగ్గడం చాలామందిలో కదలికల కంటే ముందే మొదలవుతాయి, కుటుంబాన్ని ఎక్కువగా బాధించేవి కూడా అవే. లక్షణాలు ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య కనిపిస్తాయని, 20 ఏళ్లలోపు మొదలయ్యే రూపంలో కదలికల కంటే కండరాల బిగుసుదనం, మూర్ఛలు ప్రధానంగా ఉండవచ్చని విడిగా రాయాలి. ఆ కదలికలను కోరియా అంటారు; ఆ పదానికి లింకు వేసేటప్పుడు అది తూర్పు ఆసియా దేశపు పేజీకి పోవడం లేదని చూసుకోవాలి, ఇది తమాషాకు చెబుతున్న మాట కాదు.

నిర్ధారణ విభాగంలో జన్యు పరీక్షతో పాటు దాని నియమాలను కూడా చెప్పాలి. లక్షణాలు లేని వ్యక్తికి ముందస్తు పరీక్ష చేసేటప్పుడు, ముందూ వెనుకా జన్యు కౌన్సెలింగ్ ఇవ్వాలని, లక్షణాలు లేని మైనర్లకు ఈ పరీక్ష చేయకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫలితం తెలుసుకోకూడదని నిర్ణయించుకోవడం కూడా వ్యక్తి హక్కేనని ఆ మార్గదర్శకాలు గుర్తిస్తాయి.

చికిత్స లేదని రాయడానికి, వ్యాధిని నయం చేసే చికిత్స లేదని రాయడానికి చాలా తేడా ఉంది. టెట్రాబెనజిన్‌ను 2008లో, డ్యూటెట్రాబెనజిన్‌ను 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. ఇవి కదలికలను తగ్గిస్తాయి, కుంగుబాటును పెంచే ప్రమాదం మీద హెచ్చరికను కూడా మోస్తాయి. ఫిజియోథెరపీ, మాట, మింగడం మీద శిక్షణ, పోషకాహారం, మానసిక చికిత్స కూడా ఇందులో భాగమే. మోతాదులు రాయకూడదు, పాఠకుడిని మీరు అని సంబోధిస్తూ సలహా ఇవ్వకూడదు.

పరిశోధనల విభాగాన్ని వీలైనంత చిన్నదిగా ఉంచాలి. టొమినెర్సెన్ అనే మందు హానికర ప్రోటీన్‌ను తగ్గించిందని 2017 డిసెంబరులో ప్రపంచమంతా పెద్ద వార్త అయింది. మూడో దశ ప్రయోగంలో ఆ మందు ఇవ్వడాన్ని 2021 మార్చిలో ఆపివేశారు. మొదటి వార్తను ఉత్సాహంగా చేర్చి రెండోదాన్ని చేర్చని వ్యాసం ఏళ్ల తరబడి అబద్ధపు ఆశను పంచుతుంది.

వ్యాప్తి గురించి రాసేటప్పుడు సంఖ్య ఏ జనాభాకు చెందిందో వాక్యంలోనే చెప్పాలి. ఐరోపా మూలాలున్న జనాభాలో ఈ వ్యాధి ఎక్కువ, జపాన్‌లో చాలా తక్కువ. బెంగళూరు నిమ్హాన్స్ వంటి పెద్ద కేంద్రానికి వచ్చిన రోగుల లెక్క దేశవ్యాప్త రేటు కాదు, ఎందుకంటే రోగులు అక్కడికి చాలా రాష్ట్రాల నుంచి వస్తారు.

చరిత్ర రాయడం తేలికనిపిస్తుంది కాని కట్టుకథలు దూరేది అక్కడే. 1872లో 22 ఏళ్ల జార్జ్ హంటింగ్టన్, లాంగ్ ఐలాండ్‌లో వైద్యులుగా పనిచేసిన తన తండ్రి, తాతల పరిశీలనలను కూడా ఆధారంగా చేసుకుని, ఈ వ్యాధిని స్పష్టంగా వర్ణించాడు. వెనిజులాలోని మారకైబో సరస్సు తీరపు కుటుంబాల సహకారంతో సాగిన పరిశోధన, 1983లో జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని చూపడానికి, 1993లో ఆ జన్యువును గుర్తించడానికి తోడ్పడింది. న్యూ ఇంగ్లండ్‌లో ఈ రోగులను మంత్రగత్తెలుగా వేధించారన్న కథ 1932 నాటి ఒక పత్రంతో ప్రచారమైంది. తరువాతి చరిత్రకారులు దాన్ని తోసిపుచ్చారు, అయినా ఇప్పటికీ నకలవుతూనే ఉంది. అదే చరిత్రలో నిజంగా జరిగిన అన్యాయాన్ని మాత్రం చాలా వ్యాసాలు వదిలేస్తాయి: 1933 నాటి నాజీ జర్మనీ నిర్బంధ వంధ్యీకరణ చట్టం జాబితాలో ఈ వ్యాధి పేరుంది.

బొమ్మల విషయంలో, రోగి ముఖం గుర్తుపట్టేలా ఉన్న ఫొటో కంటే మెదడులోని స్ట్రయేటమ్ భాగాన్ని, సంక్రమణ విధానాన్ని చూపే చిత్రాలు మేలు. ఏ కుటుంబం పేరూ, ఊరి పేరూ ప్రస్తావించకూడదు, ఎందుకంటే ఇలాంటి వ్యాధిలో ఒకరి పేరు బయటపడితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పెళ్లిసంబంధాల దాకా దాని ప్రభావం పోతుంది. ఆంగ్లం నుంచి అనువదించిన భాగం ఉంటే ఆ సంగతిని దిద్దుబాటు సారాంశంలో లింకుతో సహా పేర్కొనడం లైసెన్సు షరతు.

అన్నీ అయ్యాక చర్చాపేజీలో ఏ విభాగాన్ని ఏ మూలంతో మార్చారో రాసి, నాడీ వైద్యం తెలిసిన సభ్యులెవరైనా సంక్రమణ అంకెలను సరిచూడాలని రచ్చబండలో (తెలుగు వికీపీడియా సభ్యుల ఉమ్మడి చర్చావేదికలో) అడగండి. పేజీని వీక్షణ జాబితాలో చేర్చుకుని, చికిత్స, పరిశోధన విభాగాలను ఏ నెలలో సరిచూశారో చర్చాపేజీలో నమోదు చేస్తే, తరువాత వచ్చేవారు పని ఎక్కడినుంచి అందుకోవాలో వెతుక్కోనక్కరలేదు.