రంగు చూసి నేలను అంచనా వేయకండి, తడిపి పిసికి చూడండి

నల్లరేగడి నల్లగా ఉంది కనుక సేంద్రియ పదార్థం పుష్కలంగా ఉంటుందని చాలామంది భావిస్తారు గాని, మన రేగడి నేలల్లో సేంద్రియ కర్బనం తరచుగా 0.5 శాతం కూడా ఉండదు. ఎర్ర చల్కలకు ఆ ఎరుపు ఇనుప ఆక్సైడ్ల వల్ల వచ్చినదే తప్ప, ఆ నేల నీటిని ఎంతసేపు పట్టి ఉంచుతుందో రంగు చెప్పదు. ఆ సంగతి మట్టి కణాల పరిమాణం మీద ఆధారపడి ఉంటుంది.

అందుకే 15 సెంటీమీటర్ల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి, రాళ్లు, వేర్లు ఏరివేసి, కొద్దికొద్దిగా నీళ్లు చిలకరిస్తూ చపాతీ పిండిలా అయ్యేదాకా పిసకండి. (రేగడి పెళ్లలు తొందరగా నానవు, వాటికి ఓపిక కావాలి.) తరువాత బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కుతూ రిబ్బనులా పైకి నెట్టండి. అసలు రిబ్బనే రాకపోతే అది ఇసుక నేల, 2.5 సెంటీమీటర్లలోపే తెగితే గరప నేల. 5 సెంటీమీటర్లు దాటి నిలిస్తే బంకమట్టి, అంటే నీటి తడుల మధ్య ఎడం పెంచవచ్చు.

రంగును మాత్రం తడి మట్టిలో, పగటి వెలుతురులోనే చూడాలి. లోతున బూడిద రంగు మట్టిలో తుప్పు మచ్చలు కనిపిస్తే, అక్కడ ఏటా కొంతకాలం నీరు నిలుస్తోందన్నమాట.