వానలకు ముందు బోర్డు ఫ్లాష్ చేసేవాళ్లకు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ కొండ ఊళ్లలో వర్షమాపకాలకో సోలార్ పంపులకో పెట్టిన బోర్డులకు కొత్త ఫర్మ్‌వేర్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించే, అంటే ఫ్లాష్ చేసే పని ఉంటే వానలు పడకముందే ముగించుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక గజపతి జిల్లాలో ఎలాంటి గతి పట్టిందో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు బోర్డు చచ్చిందని కబురొస్తే వెళ్లడానికి దారే ఉండదు.

బయల్దేరకముందే ఇమేజ్ (ఎక్కించబోయే ఫైలు) హెడర్, అంటే దాని మొదట్లో ఉండే వివరాల భాగం, చదవండి. యూ-బూట్ (బోర్డులో ఓఎస్‌ని లేపే బూట్‌లోడర్) పాత పద్ధతి ఇమేజ్‌లో అది 64 బైట్లే. మొదట 27 05 19 56 అనే గుర్తు. ఆపైన హెడర్ సీఆర్‌సీ (చెడిందో లేదో పట్టిచ్చే లెక్క), తయారైన సమయం, డేటా సైజు, లోడ్ అడ్రసు (ర్యామ్‌లో ఎక్కడ పెట్టాలో), ఎంట్రీ అడ్రసు (ఎక్కడినుంచి నడపాలో), డేటా సీఆర్‌సీ. ఓఎస్, ప్రాసెసర్, ఇమేజ్ రకం, కంప్రెషన్‌లకు తలో బైటు. మిగతా 32 బైట్లు పేరుకి. ల్యాప్‌టాప్‌లో ఉత్త హెక్స్‌డంప్ (ఫైల్లోని బైట్లు చూపించే కమాండు) కొడితే 0527 5619 అని వస్తుంది. ఫైలేం పాడవలేదు, రెండేసి బైట్లు తిప్పి చూపిస్తోందంతే.

పేరులో ఒక్క అక్షరం చేత్తో మార్చినా హెడర్ సీఆర్‌సీ తప్పుతుంది. మళ్లీ ఎంకేఇమేజ్‌తోనే (mkimage, ఇమేజ్ కట్టే యూ-బూట్ పనిముట్టు) కట్టండి.

అసలు భయపడాల్సింది లోడ్ అడ్రసుకి. ప్రాసెసర్ అదే, ర్యామ్ అమరిక వేరు అయిన బోర్డుకి కట్టిన ఇమేజ్‌లో సీఆర్‌సీలు రెండూ సరిపోతాయి. ఫైలు చెడలేదనే సీఆర్‌సీ చెబుతుంది, ఈ బోర్డుదేనని చెప్పదు. కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) విప్పడం మొదలయ్యాక బోర్డు బిగుసుకుపోతుంది. నడుస్తున్న పాత ఇమేజ్ హెడర్ తీసి, రెండు అడ్రసులూ పక్కపక్కన పెట్టి చూడండి. యూ-బూట్‌లో ‘వెరిఫై’ ఆపేసి ఉంటే డేటా సీఆర్‌సీ కూడా చూడదు. కొందరు బూట్ త్వరగా అవ్వాలని ఆపేస్తారు, నాకైతే నచ్చదు.

బూట్‌లోడర్ జోలికి మాత్రం కొండమీద వెళ్లకండి. దాని ముందుండే హెడర్‌ని చదివేది ప్రాసెసర్‌లోనే మార్చలేకుండా ఉండే బూట్ రోమ్ (ROM). జింక్ 7000 (Zynq) రకం ప్రాసెసర్‌లో 36వ బైటు దగ్గర ‘ఎక్స్ఎల్ఎన్ఎక్స్’ (XLNX) అనే గుర్తు ఉండాలి. అది చెడితే బూట్‌లోడరే లేవదు, సీరియల్ కేబుల్ పెట్టినా ఒక్క ముక్క రాదు.

కరెంటుని నమ్మకండి, బ్యాటరీ మీదే ఫ్లాష్ చేయండి. కుదిరితే ఇమేజ్ మొదటి బ్లాకు ముందే చెరిపి, అన్నిటికన్నా చివర రాయండి. మధ్యలో ఆగినా గుర్తు కనబడదు, యూ-బూట్ ఆ ఇమేజ్‌ని ముట్టుకోదు. రెండో స్లాటు (ఇంకో ఇమేజ్ పెట్టుకునే చోటు) ఉంటే పాతది అక్కడ అలాగే ఉంచండి. అయ్యాక రీబూట్ కమాండుతో సరిపెట్టుకోకుండా, కరెంటు పూర్తిగా తీసి పెట్టి చూసుకునే దిగండి.