యుద్ధం సినిమా వస్తోందా? సరైన పెద్ద తెర ఎంచుకోవడం ఎలా?

యుద్ధం సినిమా పోస్టర్ వచ్చిన రోజు నుంచీ ఎదురుచూసేవాళ్లు ఉంటారు. టీజర్‌లో ఒక్క పేలుడు విని, రిలీజ్ రోజుకి సెలవు పెట్టేసేవాళ్లూ ఉంటారు. ఇంత ఎదురుచూశాక కూడా బుకింగ్ ఓపెన్ అవ్వగానే చాలామంది చేసేదేంటంటే, టికెట్ రేటు ఎక్కువున్న స్క్రీన్ ఏదో చూసి, అదే గొప్పదై ఉంటుందిలే అనుకుని నొక్కేయడం. రేటు ఎక్కువైనంత మాత్రాన బొమ్మ బాగుంటుందని గ్యారంటీ లేదు. ఆ సినిమాని ఏ కెమెరాతో, ఏ ఆకారంలో తీశారో ముందు తెలుసుకుని, దాన్ని కత్తిరించకుండా చూపించే హాలు వెతుక్కోవాలి. కొంచెం ఓపిక పడితే ఎవరైనా చేసుకోగలిగిన పనే.

కామెడీ సినిమా ఓ మోస్తరు హాల్లో చూసినా పెద్దగా పోయేదేం లేదు. యుద్ధం సినిమా అలా కాదు. సగం సినిమా పొగలో, రాత్రిపూట, బురదలో నడుస్తుంది. బురద రంగు యూనిఫాం వేసుకున్న సైనికుడు బురద గోడని ఆనుకుని నిలబడితే, ప్రొజెక్టర్‌లో వెలుతురు చాలకపోయినా, నలుపు నలుపుగా కాక బూడిద రంగులో పడినా, మనిషీ గోడా కలిసిపోతాయి. సౌండూ అంతే. గుసగుసగా చెప్పే మాట వినపడాలి, మరుక్షణం పడే షెల్లు గుండెల్లో దడ పుట్టించాలి.

1. సినిమా ఎలా తీశారో ముందు కనుక్కోండి

దర్శకుడి ఇంటర్వ్యూల్లో, ఛాయాగ్రాహకుడి మాటల్లో, నిర్మాణ సంస్థ ప్రకటనల్లో ఈ సమాచారం దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. మీరు పట్టుకోవాల్సినవి రెండు: ఫిల్మ్ మీద తీశారా డిజిటల్‌లో తీశారా, బొమ్మ ఆకారం ఎంత.

ఆకారం అంటే ఎత్తుకి వెడల్పు ఎన్ని రెట్లు అని. మామూలు స్కోప్ (వెడల్పు తెర) సినిమా 2.39, ఐమాక్స్ డిజిటల్‌లో ఎక్కువగా కనిపించేది 1.90, అసలైన ఐమాక్స్ ఫిల్మ్ ఫ్రేము 1.43. అంకె తగ్గేకొద్దీ బొమ్మ పొడుగవుతుంది. 20 మీటర్ల వెడల్పున్న తెర తీసుకుంటే, 2.39 బొమ్మ ఎత్తు 8.4 మీటర్ల దగ్గర ఆగిపోతుంది, 1.90 అయితే 10.5 మీటర్లు, 1.43 అయితే ఏకంగా 14 మీటర్లు. యుద్ధవిమానం తలమీదుగా పోయే షాట్‌లో ఈ తేడా ఎంతో ఊహించుకోండి.

రెండు సినిమాలు చూద్దాం. క్రిస్టఫర్ నోలన్ 2017లో తీసిన డన్‌కర్క్‌లో ఎక్కువ భాగం ఐమాక్స్ ఫిల్మ్ కెమెరాలతో తీసిందే. ఆ ఫిల్మ్ మామూలు 35 ఎంఎం లాగా నిలువుగా కాదు, అడ్డంగా నడుస్తుంది, ఒక్కో ఫ్రేము, ఫిల్మ్ అంచున వరసగా ఉండే రంధ్రాల లెక్కలో, 15 రంధ్రాల పొడవుంటుంది, వైశాల్యంలో మామూలు ఫ్రేముకి దాదాపు పదింతలు. అయితే ఆ కెమెరాలు బాగా చప్పుడు చేస్తాయి, అందుకే మాటలున్న సన్నివేశాల్ని తరచుగా చిన్న 65 ఎంఎం కెమెరాలతో తీస్తారు, వాటి బొమ్మ ఎత్తు తక్కువ. ఇలాంటి సినిమాని 1.43 తెర మీద చూస్తే బొమ్మ ఒకసారి పైనుంచి కిందిదాకా నిండిపోయి, ఇంకోసారి పైనా కిందా నల్లపట్టీలతో కనిపిస్తుంది. అది ప్రొజెక్షన్ తప్పు కాదు, కంగారు పడొద్దు.

రెండోది సామ్ మెండెస్ 2019లో తీసిన "1917" అనే సినిమా. దీన్ని డిజిటల్ కెమెరాలతో తీశారు, ఐమాక్స్‌లో సినిమా మొత్తం 1.90 ఆకారంలోనే వేశారు. కాబట్టి దీనికోసం 1.43 తెర వెతుక్కుంటూ దూరం పోతే అదనంగా వచ్చే బొమ్మేమీ ఉండదు. దీనికి కావాల్సింది మంచి నలుపు చూపించే లేజర్ ప్రొజెక్టర్. శిథిలమైన ఊరి మీద రాత్రిపూట ఫ్లేర్లు (ఆకాశంలోకి వదిలే వెలుగు గుళ్లు) పైకి లేచి దిగుతుంటే, గోడల నీడలు నేలమీద పొడుగై, తిరిగి, కుంచించుకుపోయే సన్నివేశం ఉంటుంది చూశారా, ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ పనంతా అక్కడే ఉంది. వెలవెలబోయిన ప్రొజెక్టర్ మీద అది ఉత్త బూడిద రంగు మరక.

2. బోర్డు మీద పేరు వెనక ఏ మెషిన్ ఉందో చూడండి

ఐమాక్స్ అన్న ఒక్క పేరు కింద కనీసం నాలుగు రకాలున్నాయి. ఫిల్మ్ ప్రింటు వేసేవి, జంట లేజర్ ప్రొజెక్టర్లతో 1.43 చూపించేవి, ఒకే లేజర్‌తో 1.90 చూపించేవి, 2008 నుంచి వచ్చిన పాత జెనాన్ దీపాల డిజిటల్‌వి. చివరిదాంట్లో రెండు 2కే (అడ్డంగా సుమారు రెండు వేల చుక్కల) ప్రొజెక్టర్లు కలిపి వాడతారు, ఆకారం 1.90కి మించదు. దీపం పాతబడేకొద్దీ వెలుతురు తగ్గుతుంది కూడా. పేరు ఒకటే కాబట్టి నలుగురూ ఒకే అనుభవం గురించి మాట్లాడుకుంటున్నామనుకుంటారు, కానీ ఒకరు చూసింది ఒకటి, ఇంకొకరు చూసింది ఇంకొకటి.

ఫిల్మ్ ప్రింటు వేసే ఐమాక్స్ హాళ్లు ప్రపంచం మొత్తం మీద కొన్ని పదులే. మూడు గంటల సినిమా అంటే ఆ ప్రింటు పొడవు 18 కిలోమీటర్లు దాటుతుంది, నడపడానికి చేయి తిరిగిన ఆపరేటర్ కావాలి. మీకు చేరుకోగలిగే దూరంలో అలాంటి హాలు ఉండి, సినిమా కూడా ఐమాక్స్ ఫిల్మ్ మీదే తీసుంటే ఇంకేం ఆలోచించొద్దు, వెళ్లిపోండి. దాని తర్వాత జంట లేజర్. ఇవి రెండూ లేకపోతే నా ఓటు "డాల్బీ సినిమా" అనే పేరుతో నడిచే హాలుకి, డాల్బీ సౌండ్ ఉన్న ప్రతి హాలూ అది కాదు. మామూలు 2డీ ప్రొజెక్షన్‌కి ఉన్న ప్రమాణం చదరపు మీటరుకి 48 క్యాండెలాల వెలుతురు. ఆ హాళ్లలో వాడే డాల్బీ విజన్ ప్రొజెక్షన్ 106 దాకా పోతుంది, పైగా తెర నల్లబడితే హాల్లో తెర ఎక్కడుందో తెలియనంత నల్లబడుతుంది. రాత్రి యుద్ధాలున్న సినిమాకి ఎత్తుకంటే ఈ నలుపే నాకు ముఖ్యం.

ఇక మల్టీప్లెక్స్‌లు తమ సొంత పేర్లతో నడిపే పెద్ద తెరలు. వీటిలో నిజంగా అద్భుతమైనవీ ఉన్నాయి, ఊరికే రెండు వరుసల రిక్లైనర్లు వేసి పేరు మార్చినవీ ఉన్నాయి. హాలు వెబ్‌సైట్‌లో లేజరా జెనానా, 4కేనా 2కేనా, సౌండ్ ఏంటి అని రాసుంటే మంచి సూచన. పొగడ్తలు తప్ప వివరాల్లేకపోతే ఫోన్ చేసి అడగండి. అడిగితే తప్పేం లేదు, డబ్బులిచ్చేది మనం.

కుర్చీలు కుదిపి, నీళ్లు చల్లే హాళ్లు మొదటిసారి చూడ్డానికి వద్దు. కందకంలో ఒక కుర్రాడు ఉత్తరం చదువుకుంటుంటే మీ ధ్యాస కుర్చీ మీద ఉండకూడదు.

3. సౌండ్‌ని తక్కువ అంచనా వేయొద్దు

సినిమా హాల్లో సౌండ్ చుట్టూ తిరగడం అనే విషయంలో యుద్ధం సినిమాల పాత్ర పెద్దది. 1979లో వియత్నాం యుద్ధం సినిమా అపోకలిప్స్ నౌ 70 ఎంఎం ప్రింట్లలో వెనక ఎడమ, వెనక కుడి స్పీకర్లకి వేర్వేరు సౌండ్ ఇచ్చారు. వాల్టర్ మర్చ్ డిజైన్ చేసిన హెలికాప్టర్ సౌండ్ ప్రేక్షకుల తలల చుట్టూ తిరిగింది. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ పైకప్పు స్పీకర్లు కూడా కలిపి 64 దాకా వేర్వేరు స్పీకర్లకి సౌండ్ పంపగలదు. ఐమాక్స్ లేజర్ హాళ్లలో 12 చానళ్లు (విడివిడి సౌండ్ దారులు) ఉంటాయి, దానికి మాటలూ సంగీతమూ పేలుళ్లూ కలిపి కూర్చిన వాళ్ల సొంత మిక్స్ ఉంటుంది.

అంకెలు ఎన్నున్నా అసలు కీలకం వాల్యూమ్ నాబ్ దగ్గరుంది. థియేటర్ సౌండ్ ప్రాసెసర్‌లో 7 అనే గుర్తు దగ్గర పెడితే మిక్సింగ్ స్టూడియోలో విన్నంత సౌండ్ వస్తుంది. ఎక్కువైందని ఎవరో ఫిర్యాదు చేస్తే చాలా హాళ్లలో తగ్గించేసి, మళ్లీ పైకి పెట్టడం మర్చిపోతారు. అప్పుడు పేలుళ్లు ఎలాగో వినపడతాయి, మెల్లగా అన్న మాటలే కొట్టుకుపోతాయి. అందుకే, మీరు వెళ్లాలనుకున్న హాల్లో ఇటీవల సినిమా చూసిన స్నేహితుల్ని అడిగేటప్పుడు "సౌండ్ అదిరిందా" అనొద్దు, "మాటలు తేలిగ్గా అర్థమయ్యాయా" అని అడగండి.

అసలు స్థాయిలో నడిపితే సాధారణ చానల్ ఒక్కొక్కటి 105 డెసిబెల్స్ దాకా, బాస్ (లోతైన దడదడ సౌండ్) చానల్ 115 దాకా ఎగరగలదు. చెవులు సున్నితమైనవాళ్లు సంగీతకారులు వాడే రకం ఇయర్‌ప్లగ్స్ దగ్గర పెట్టుకుంటే మంచిది, స్పాంజివైతే సన్నటి సౌండ్లు ఎక్కువగా ఆపేసి మాటలు ముద్దగా వినిపిస్తాయి. మీతో వచ్చేవాళ్లలో నిజంగా యుద్ధం చూసినవాళ్లో, పేలుళ్లంటే గుండె దడ వచ్చేవాళ్లో ఉంటే, సినిమా ఎలా ఉండబోతోందో ముందే చెప్పి, దారి పక్క సీటు వాళ్లకివ్వండి.

4. సీటు

అన్నిటికంటే చవకైన మెరుగుదల ఇదే, కానీ ముందుగా బుక్ చేయకపోతే చేజారేదీ ఇదే. సినిమా హాళ్ల నాణ్యతకి ప్రమాణాలు పెట్టిన టీహెచ్‌ఎక్స్ సంస్థ లెక్క ప్రకారం తెర మన చూపులో 36 డిగ్రీలైనా ఆక్రమిస్తే మంచిది. అంటే తెర వెడల్పుకి ఒకటిన్నర రెట్ల దూరం. 20 మీటర్ల తెరకి సుమారు 30 మీటర్లు. అంతకంటే వెనక కూర్చుంటే పెద్ద తెరకి వెళ్లి పెద్ద టీవీ చూసినట్టే. సరిగ్గా తెర వెడల్పంత దూరంలో కూర్చుంటే 53 డిగ్రీలొస్తాయి, మునిగిపోయినట్టు చూడాలనుకునేవాళ్లకి అది చాలా బాగుంటుంది.

మామూలు స్కోప్ హాల్లో నేను ఎప్పుడూ నడిమి వరుసకి ఒకటి రెండు వరుసలు వెనక, సరిగ్గా మధ్యలో చూసుకుంటాను. సౌండ్ మిక్స్ చేసేవాళ్లు కూడా సుమారుగా హాలు పొడవులో మూడింట రెండొంతుల దూరంలో కూర్చునే వింటారు కాబట్టి స్పీకర్ల సమతూకం అక్కడ బాగా కుదురుతుంది. 1.43 పొడుగు తెరకి మాత్రం ఇంకా వెనక్కి జరిగినా నష్టం లేదు, ఎందుకంటే అక్కడ వరుసలన్నీ తెరకి దగ్గరగానే, బాగా ఏటవాలుగా కడతారు. ముందు వరుసలకి పోతే మెడ పట్టేస్తుంది. వరుసా మధ్యా రెండూ దొరక్కపోతే మధ్యని వదులుకోకండి, వరుస అటూ ఇటూ అయినా ఫరవాలేదు. సైడు సీట్లో కూర్చుంటే బొమ్మ వాలిపోతుంది, ఒకవైపు స్పీకరే చెవిలో మోగుతుంది, ఎడమ నుంచి కుడికి దూసుకుపోయే తూటా మీకు ఒకేచోట పేలినట్టుంటుంది.

5. ఎప్పుడు వెళ్లాలి, ముందేం చూసుకోవాలి

మొదటి వారంలో వెళ్లండి. పెద్ద తెరలు కొన్నే, వాటికోసం ప్రతి శుక్రవారం కొత్త సినిమా క్యూలో ఉంటుంది. ఫిల్మ్ ప్రింటైతే మొదటి రోజుల్లోనే గీతల్లేకుండా శుభ్రంగా ఉంటుంది.

ట్రైలర్ ఒకటి చూసి ఆపేయండి. ఫోన్లో పదేపదే చూస్తే మంచి షాట్లన్నీ చిన్న తెరమీదే అయిపోతాయి. దానికి బదులు, సినిమా నిజంగా జరిగిన యుద్ధం గురించైతే ఒక మ్యాపు చూసుకోండి. డన్‌కర్క్ సంగతే తీసుకోండి, అది ఫ్రాన్సు తీరంలోని రేవు పట్టణం. 1940 మే 26 నుంచి జూన్ 4 దాకా 3,38,226 మంది సైనికుల్ని ఆ తీరం నుంచి ఇంగ్లండుకి తరలించారు. రేవు ఎక్కడుంది, సముద్రం అవతల ఇంగ్లండు ఎంత దగ్గర, శత్రువు ఎటువైపు నుంచి వస్తున్నాడు అన్నది ముందే తెలిస్తే, తెరమీద ఎవరు ఎటు పరుగెత్తుతున్నారో వెంటనే అర్థమవుతుంది. చరిత్ర తెలిసినంత మాత్రాన టెన్షన్ తగ్గదు, ఎందుకంటే మీరు చూస్తున్న ఆ ఒక్క కుర్రాడు బతుకుతాడో లేదో చరిత్ర పుస్తకంలో ఉండదు.

6. హాల్లోకి వెళ్లాక మొదటి పది నిమిషాలు

ట్రైలర్లు పడేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి తెరని గమనించండి. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చినప్పుడు నాలుగు మూలలూ చూడండి, మధ్యలో స్పష్టంగా ఉండి మూలల్లో అలుక్కుపోతే ఫోకస్ సరిగ్గా లేదు. అక్షరాల చుట్టూ మంచులాంటి వెలుగు కనపడితే ప్రొజెక్టర్ ముందున్న అద్దం మురికిగా ఉండుండొచ్చు. నల్లపట్టీలు గోడకంటే తెల్లగా కనిపిస్తే నలుపు బలహీనం, దానికి ఆ పూట ఎవరూ చేయగలిగిందేం లేదు. పైకప్పులో ఏదైనా గలగలమంటుంటే, ఒకవైపు స్పీకర్లు మూగగా ఉంటే అదీ ట్రైలర్లలోనే బయటపడుతుంది.

బొమ్మ మొత్తం మసక చీకటిగా ఉంటే ముందు అనుమానించాల్సింది 3డీ ఫిల్టర్‌ని. 3డీ షో కోసం లెన్స్ ముందు పెట్టిన ఫిల్టర్ తీయకుండా 2డీ షో వేస్తే వెలుతురు చాలా పడిపోతుంది. ఒక హాల్లో తెల్లవారుజామున జరిగే దాడి సన్నివేశంలో ఎవరు మనవాళ్లో ఎవరు అవతలివాళ్లో తెలియక, హాలంతా "సినిమానే అలా తీశారేమో" అనుకుని కూర్చుంది. ఒకావిడ లేచి బయటికెళ్లి చెప్పొచ్చింది. రెండు నిమిషాల్లో తెర మీదకి ఒక్కసారిగా వెలుగొచ్చింది, హెల్మెట్ల మీద గుర్తులు, ముఖాల మీద చెమట, వెనక ఉన్న ముళ్లతీగ అన్నీ బయటపడ్డాయి.

కాబట్టి లేచి వెళ్లి చెప్పండి. ఈ రోజుల్లో చాలా మల్టీప్లెక్స్‌లలో షోలు వాటంతటవే మొదలవుతాయి, ప్రొజెక్టర్ గదిలో మనిషే ఉండడు, మీరు చెప్తే తప్ప ఎవరికీ తెలియదు. తలుపు దగ్గరున్న కుర్రాడి మీద అరవకండి, డ్యూటీ మేనేజర్‌ని పిలవమని అడిగి, "బొమ్మ బాలేదు" అనకుండా ఏం జరుగుతోందో చెప్పండి: "ఎడమవైపు అంచు ఫోకస్‌లో లేదు", "మాటలు వినపడటం లేదు, సౌండ్ 7 దగ్గర ఉందేమో చూడండి", "3డీ ఫిల్టర్ తీశారో లేదో కనుక్కోండి". ఇంత కచ్చితంగా చెప్పినవాళ్ల మాట వెంటనే వింటారు. పది నిమిషాలు దాటినా సరిచేయకపోతే అప్పుడే వేరే షోకి టికెట్ మార్చమనండి. సినిమా అయిపోయాక అడిగితే, మొత్తం చూశారుగా అంటారు.