ఆఫీసుకూ ట్రాక్‌కూ అవే టైర్లు: ఏ లక్షణానికి ఏది కారణం, ఏం చేయాలి

నా టొయోటా జీఆర్86 వారంలో ఐదు రోజులు ఆస్టిన్‌లో ఆఫీసుకు వెళ్తుంది. ఏడాదికి ఐదారుసార్లు రేసు ట్రాక్ ఎక్కుతుంది. ఊళ్లోనే ఉన్న సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో గానీ, ఫోర్ట్‌వర్త్ దగ్గర క్రెసన్‌లో గానీ. ట్రాక్ డేకి (సొంత కారుని ట్రాక్ మీద నడుపుకునే రోజుకి) కొత్తగా వచ్చే మన తెలుగు కుర్రాళ్లు అందరూ మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఏ టైర్లు కొనమంటావ్?" నేను ముందు పాత టైర్లు చూపించమంటాను. పాతది ఎక్కడ అరిగిందో చూడకుండా కొత్తదాని పేరు చెప్పడం నాడి పట్టకుండా మందు రాయడమే. వాళ్లు చెప్పే సమస్యల్లో సగం గాలి సరిచేస్తేనే పోతాయి, పైసా ఖర్చు లేకుండా.

చేతిలో ఉండాల్సినవి: నమ్మకమైన గాలి గేజు, చిన్న కంప్రెసర్, సుద్దముక్క, ట్రెడ్ (నేలకి ఆనే గాడుల పొర) లోతు కొలిచే గేజు, ఒక నోటుబుక్కు. నోటుబుక్కు తప్పనిసరి.

మొదటి రెండు ల్యాపులు బాగుంటాయి, ఆ తర్వాత కారు వెన్న మీద నడిచినట్టు జారుతుంది

అందరికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. కారణం వేడి, వేడితో పెరిగిన గాలి.

డోరు పక్కన స్టిక్కర్ మీద రాసిన పీఎస్ఐ (గాలి ఒత్తిడి అంకె), చల్లగా ఉన్న టైరుకి, రోడ్డు మీద నడపడానికి చెప్పిన లెక్క. ట్రాక్ మీద టైరు లోపలి గాలి బాగా కాగుతుంది. సుమారు 5, 6 డిగ్రీల సెల్సియస్‌కి ఒక పీఎస్ఐ చొప్పున పెరుగుతుంది. పొద్దున 32 పెట్టుకుని వెళ్తే నాలుగో ల్యాప్‌కి 40 దగ్గర ఉంటుంది. అప్పుడు ట్రెడ్ మధ్యభాగం ఉబ్బుతుంది, నేలకి ఆనే మేర తగ్గుతుంది, ఆనిన కొంచెమూ ఇంకా కాగుతుంది. దానికి తోడు ప్రతి రబ్బరుకీ పట్టు బాగా ఇచ్చే వేడి ఇంత అని ఒక హద్దు ఉంటుంది. అది దాటితే పైపొర మెత్తబడి జారుతుంది.

పరిష్కారం: సెషన్ అయి పిట్‌లోకి రాగానే, హెల్మెట్ తీయకముందే నాలుగింటి గాలీ కొలవండి. అది వేడి కొలత. నా కారుకి వేడిమీద 35 నుంచి 37 మధ్య బాగుంటుంది. బరువైన కార్లకి ఇంకొంచెం ఎక్కువ కావాలి. ఎక్కువున్న చోట తీసేసి, ఎంత తీశారో రాసుకోండి. మధ్యాహ్నం ఎండ ముదిరితే మళ్లీ కొలవాలి. టెక్సస్ ఆగస్టులో పొద్దుటి లెక్క మధ్యాహ్నానికి పనికిరాదు.

సరైన చోట ఉందో లేదో సుద్ద చెబుతుంది. టైరు పక్కగోడకీ ట్రెడ్‌కీ మధ్య అంచు మీద గీత గీసి రెండు ల్యాపులు తిరిగి రండి. చాలా టైర్ల అంచు మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. సుద్ద ఆ గుర్తు దాకా చెరిగితే గాలి సరిపోయింది. దాన్ని దాటి పక్కగోడ మీదికి చెరిగితే గాలి తక్కువ, అసలు అందాకా రాకపోతే ఎక్కువ.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. వేడిమీద గాలి తీసేసి, సాయంత్రం అలాగే హైవే ఎక్కుతారు. టైరు చల్లారాక అందులో 27, 28 మాత్రమే మిగులుతుంది. పక్కగోడ వంగుతూ లోపల వేడెక్కి, 70 మైళ్ల వేగం మీద పగిలే ప్రమాదం ఉంది. ఇంటికి బయల్దేరేముందు, టైర్లు చల్లారాక, కంప్రెసర్ తీసి స్టిక్కర్ లెక్కకి నింపండి. డ్యాష్‌బోర్డు మీద టైరు గాలి తగ్గిందని చెప్పే పసుపు లైటు వెలిగితే "ట్రాక్ మీద తీసిందేలే" అని వదిలేయకండి.

గాలి సరిగ్గానే ఉన్నా నాలుగో ల్యాప్‌లో జారుతుంటే ఒక ల్యాపు నెమ్మదిగా తిరిగి టైర్లని చల్లార్చండి. అలా చేసినా ప్రతి సెషన్‌లోనూ అంతే అయితే, అప్పుడు ఆ టైరు మీ వేగానికి చాలడం లేదని అర్థం.

ముందు టైర్ల బయటి అంచు అరిగిపోయింది, లోపలంతా కొత్తగానే ఉంది

కారణం క్యాంబర్, అంటే చక్రం నిలువుకి ఎంత వంగి ఉందన్నది. పైభాగం లోపలికి వంగితే మైనస్. జీఆర్86 లాంటి, ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్ ఉన్న కార్లు కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ముందు చక్రాలు దాదాపు నిటారుగా ఉంటాయి. మలుపులో కారు ఒరిగితే బరువంతా బయటి అంచు మీద పడుతుంది. మన సర్క్యూట్‌లో 16, 17, 18 మలుపులు కలిసి ఒకే పొడవాటి కుడి మలుపులా సాగుతాయి. అక్కడ ఎడమ ముందు టైరు పడే బాధ స్టీరింగ్‌లోనే తెలుస్తుంది.

దీనికి ఇంకా మంచి టైరు కొనడం మందు కాదు. ఖరీదైన టైరు కూడా అదే అంచున, ఇంకా తొందరగా పోతుంది. క్యాంబర్ బోల్టులు వేయిస్తే మైనస్ ఒకటిన్నర డిగ్రీ దాకా వస్తుంది, ఖర్చూ తక్కువే. ట్రాక్‌కి తరచూ వెళ్లేవాళ్లు క్యాంబర్ ప్లేట్లు వేయించి మైనస్ రెండున్నర దాకా పోవచ్చు.

"మరి రోడ్డు మీద లోపలి అంచు అరగదా?" అని అందరూ భయపడతారు. కొంత అరుగుతుంది. కానీ రోడ్డు మీద టైరుని అసలు తినేది టో, అంటే చక్రాల ముందు భాగాలు లోపలికో బయటికో తిరిగి ఉండడం. అలైన్‌మెంట్ చేసేవాళ్లతో ముందు టో సున్నాకి పెట్టమని విడిగా చెప్పండి. క్యాంబర్ మార్చి టో చూసుకోకపోతే నెలరోజుల్లో లోపలి అంచున రబ్బరు కింది తీగలు కనబడతాయి.

మలుపు తిప్పగానే టైర్లు అరుస్తాయి

ఎలా అరుస్తున్నాయో వినండి. సన్నగా, ఒకే స్థాయిలో పాడుతున్నట్టు ఉంటే టైరు తన పని చేస్తోంది. గొంతు చించుకుని, స్టీరింగ్ తేలికైపోతే మీరు హద్దు దాటారు. మలుపులోకి కొంచెం నెమ్మదిగా రండి, స్టీరింగ్ ఇంకా తిప్పకండి.

టైరు ఎంపికలో నా గట్టి అభిప్రాయం ఈ అరుపు మీదే ఆధారపడింది. అమెరికాలో టైరు పక్కగోడ మీద ట్రెడ్‌వేర్ అంకె (ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పేది) ఉంటుంది. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కి 300, కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ స్పోర్ట్ 02కి 340. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్, యోకొహామా ఏ052, హాన్‌కుక్ ఆర్ఎస్4 అన్నీ 200. అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తన అని స్థూలంగా అనుకోవచ్చు. కానీ ఆ పరీక్ష ఏ కంపెనీకి ఆ కంపెనీయే చేసుకుంటుంది. అందుకే 200 అని రాసున్న రెండు టైర్లు ఒకేలా ఉండవు. ఏ052 ఒక్క ల్యాపు పట్టులో అద్భుతం, కానీ తొందరగా కాగి తొందరగా అరిగిపోతుంది. ఆర్ఎస్4 వేడెక్కడానికి సమయం తీసుకుంటుంది, ఆ తర్వాత చాలాసేపు నిలకడగా ఉంటుంది.

మొదటి ఏడాది 300 తరగతి వదిలి 200కి పోకండి. ఆ టైర్లు హద్దుకి చాలా ముందే అరిచి హెచ్చరిస్తాయి, జారినా మెల్లగా జారుతాయి. చెయ్యి నేర్చేది అక్కడే. 200 తరగతివి గుట్టుగా పట్టుకుని, వదిలేటప్పుడు ఒక్కసారిగా వదులుతాయి, అదీ ఎక్కువ వేగంలో.

తిరిగొచ్చేటప్పుడు వానలో కారు తేలిపోయింది

ఇది నాకే జరిగింది. క్రెసన్ నుంచి వస్తూ ఐ-35 మీద వేకో దగ్గర పెద్ద వాన. 200 తరగతి టైర్లు, ఆ రోజు ట్రాక్ మీద ఇంకొంత అరిగి ముందువాటిలో 3 మిల్లీమీటర్ల కంటే తక్కువ మిగిలింది. 60 మైళ్ల వేగంలో నిలిచిన నీళ్ల మీదికి రాగానే స్టీరింగ్‌లో బరువు పోయింది. ఒక్క క్షణమే. పక్క సీట్లో మా తమ్ముడున్నాడు. ఆ క్షణం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది.

కారణం కష్టమైనదేమీ కాదు. ఈ టైర్లకి ట్రెడ్‌లో గాడులు తక్కువ, కొత్తలోనే లోతు తక్కువ, అరిగాక నీళ్లు పోయే దారి ఉండదు. గాడుల్లో కనబడే అరుగుదల గుర్తు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. చట్టానికి అది చాలు, వానకి చాలదు. 3 మిల్లీమీటర్లకి వచ్చిన టైరుతో నేనిక వానలో హైవే ఎక్కను. ట్రాక్‌కి వెళ్లేటప్పుడే తిరుగు ప్రయాణం వాతావరణం చూడండి. వానుంటే ఆ రాత్రి అక్కడే ఆగడం మేలు, లేదా 45కి మించకుండా కుడి లేన్‌లో రావాలి.

చలికాలం పొద్దున్నే, ఊళ్లోనే కారు జారుతుంది

సమ్మర్ టైరు రబ్బరు 7 డిగ్రీల కంటే చలిలో గట్టిపడుతుంది. గాలి మార్చి లాభం లేదు. నెమ్మదిగా నడపండి, మంచు పడితే కారు బయటికి తీయకండి. మైనస్ 7 కంటే తగ్గిన చలిలో అసలు కదపొద్దు, ట్రెడ్ చీలవచ్చు.

ట్రాక్ నుంచి బయటికి రాగానే కారు వణుకుతోంది

వరసగా చూడండి. ముందుగా కారు ఆపి చక్రం నట్లు. జీఆర్86కి 89 ఫుట్‌పౌండ్లు, అంటే 120 న్యూటన్‌మీటర్లు. టార్క్ రెంచితో బిగించండి, ఊహతో కాదు. తర్వాత ట్రెడ్‌కి అంటుకున్న రబ్బరు ముక్కలు. చల్లబరిచే ల్యాపులో, కార్లన్నీ తిరిగే దారి (లైన్) వదిలి తిరిగితే ఇవి అంటుకుంటాయి, కొన్ని మైళ్లలో రాలిపోతాయి. తర్వాత రిమ్ లోపల అతికించిన బాలెన్సింగ్ తూకాలు. బ్రేకుల వేడికి జిగురు కరిగి అవి ఊడిపోతాయి. అందుకే బాలెన్సింగ్ చేయించినప్పుడు తూకాల మీద అల్యూమినియం టేపు వేయించుకోండి. ఇవేవీ కాకపోతే బ్రేకు పట్టేసి జారినచోట టైరు చదునై ఉంటుంది. అక్కడ తీగ కనబడితే ఆ టైరు మీద ఇంటికి రాకూడదు.

లోతు బాగానే ఉంది, పట్టు మాత్రం లేదు

పలుమార్లు కాగి చల్లారిన రబ్బరు గట్టిపడుతుంది, వయసుకీ గట్టిపడుతుంది. పక్కగోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగంకెలు చూడండి: 1823 అంటే 2023లో 18వ వారంలో తయారైంది. తక్కువ ధరకి దొరికే 200 తరగతి టైర్లు కొనేముందు ఆ నాలుగంకెల ఫోటో అడగండి.

ఏడాదికి రెండు సెట్లు అయిపోతున్నాయి

క్యాంబర్, గాలి సరిగ్గా ఉండి కూడా ఇలా అయితే, ఒకే టైరుతో రెండు పనులూ జరిగే దశ దాటారు. రెండో సెట్టు చక్రాలు కొనండి. జీఆర్86కి కంపెనీ బ్రేకుల మీద 17 అంగుళాల చక్రాలు పడతాయి, 18 కంటే టైర్లూ చవక. రోడ్డుకి 300 తరగతి, ట్రాక్‌కి 200 తరగతి. వెనక సీటు మడిస్తే నాలుగు చక్రాలు పట్టేలా ఈ కారుని తయారుచేశారు, ట్రెయిలర్ అక్కర్లేదు. జాకీ, టార్క్ రెంచి ఉంటే మార్చడానికి ముప్పావు గంట. మార్చాక 50 మైళ్లకి ఒకసారి ఆగి నట్లు మళ్లీ చూడండి.