రెఫరెండం చట్టంపై పార్లమెంటు చర్చను ఎలా చదవాలి

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో 'ప్రజాభిప్రాయ సేకరణ' అనగానే చాలామంది కళ్ల ముందు మెదిలేది ఊరి బయట వేసిన షామియానా, బల్ల వెనుక కూర్చున్న అధికారులు, మైకు కోసం లేచి నిలబడ్డ జనం. ఓడరేవుకో థర్మల్ కేంద్రానికో పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు జరిపే ఆ సభకు 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. అక్కడ జనం చెప్పింది రికార్డు చేస్తారు గానీ ఓటింగు ఉండదు. ఇంతమంది హాజరైతేనే సభ మొదలుకావాలన్న కోరం నిబంధన కూడా లేదు. ఒక దేశంలోని ఓటర్లందరూ ఒకే ప్రశ్నకు ఓటుతో జవాబు చెప్పే రెఫరెండాన్ని కూడా మన పత్రికలు ఇదే మాటతో రాస్తాయి కాబట్టి, చదివేవారు రెండింటినీ కలిపేసుకుంటారు. ఇక్కడ నేను రెఫరెండం అన్న మాటే వాడతాను.

కందుకూరులో పోటీ పరీక్షలకు చదువుకునే కొందరు పిల్లలతో కలిసి ఆదివారాలు పార్లమెంటు చర్చలు చదువుతుంటాను. మేం కూర్చుని చదివే బల్ల దగ్గర మాకు కుదిరిన పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. రెఫరెండంలో ఏ పక్షం గెలిచిందో అందరికీ గుర్తుంటుంది. ఆ గెలుపుకు కొలమానం ఏమిటో, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ సవరణతో నిర్ణయించారో మాత్రం సభా రికార్డులోనే దొరుకుతుంది.

చర్చ తెరవడానికి ముందు, ఆ దేశంలో ఇప్పటికే ఏ చట్టం ఉందో చూసుకోవాలి. కొన్ని దేశాల్లో అన్ని రెఫరెండాలకూ వర్తించే శాశ్వత చట్టం ఉంటుంది. ఆస్ట్రేలియాలో 1984 నాటి చట్టం అలాంటిది. బ్రిటన్‌లో 2000 సంవత్సరపు సాధారణ చట్టం ఒకటి ఉండగా, ఒక్కొక్క రెఫరెండానికి విడిగా మరో చట్టం చేస్తారు. జపాన్ రాజ్యాంగం 1947లో అమల్లోకి వచ్చింది. సవరణకు ప్రజల ఆమోదం కావాలని 96వ అధికరణంలోనే రాసుకున్నా, ఆ ఓటింగు ఎలా జరపాలో చెప్పే చట్టం 2007లో గానీ రాలేదు. మన దేశంలో జాతీయ రెఫరెండానికి ఏ చట్టమూ లేదు. అయితే మనవాళ్లు ముందుగా చదవవలసిన చర్చ మాత్రం మన పార్లమెంటులోనే జరిగింది. 1978లో జనతా ప్రభుత్వం తెచ్చిన 45వ సవరణ బిల్లులో, రాజ్యాంగపు మౌలిక లక్షణాలను మార్చాలంటే రెఫరెండం జరపాలన్న క్లాజు, అంటే ఒక నిబంధన, ఉంది. లోక్‌సభ ఆమోదించిన ఆ క్లాజును రాజ్యసభ తొలగించింది. మిగిలిన బిల్లు 44వ సవరణగా చట్టమైంది.

తర్వాత, బిల్లుపై జరిగే సాధారణ చర్చను త్వరగా చదివి పక్కన పెట్టండి. అక్కడ సభ్యులు ఎక్కువగా అసలు విషయం గురించే, అంటే దేశం ఈ కూటమిలో ఉండాలా, రాజ్యాంగం మారాలా అనే దాని గురించే మాట్లాడతారు. క్లాజుల వారీ పరిశీలనకు వచ్చేసరికి గొంతులు తగ్గుతాయి, అంకెలూ తేదీలూ వస్తాయి. మన శ్రమంతా అక్కడ పెట్టాలి. ఒక నోటుబుక్కు తీసుకుని, ప్రతి సవరణకూ అది ఏ క్లాజును మారుస్తుంది, ఎవరు ప్రతిపాదించారు, అసలు విషయంలో వారు ఏ పక్షం, చివరికి ఏమైంది అని వరుసగా రాసుకోండి. మూజువాణి ఓటుతో పోయిందా, డివిజన్ (అవును, కాదు ఓట్లను విడివిడిగా లెక్కపెట్టడం) అడిగారా అన్నది కూడా రాయాలి. డివిజన్ అడిగారంటే ఆ మాట వారికి అంత ముఖ్యమన్నమాట.

ప్రశ్న రాసే క్లాజు దగ్గర తొందరపడకండి. 2015లో బ్రిటన్ ప్రభుత్వం తెచ్చిన బిల్లులో మొదట ఉన్న ప్రశ్న, యునైటెడ్ కింగ్‌డమ్ యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశంగా కొనసాగాలా అన్నది. జవాబు అవును లేదా కాదు. కొనసాగడం ఒక్కటే ప్రశ్నలో కనిపిస్తే మొగ్గు అటు ఉన్నట్టు అనిపించవచ్చని ఎన్నికల కమిషన్ చెప్పడంతో, కొనసాగాలా, వైదొలగాలా అని రెండూ కనిపించేలా మార్చారు. ఈ తేడా పిల్లలకు వివరించడానికి మా ఊరి సంగతే తీసుకున్నాం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు మారింది. ఒక అబ్బాయి బోర్డు మీద "కందుకూరును తిరిగి ప్రకాశంలో కలపాలా?" అని రాశాడు. ప్రశ్న సూటిగానే ఉందనుకున్నాం. ఇంతలో పేపరు చదువుకుంటున్న ఒక పెద్దాయన కళ్లజోడు తీసి, "నాయనా, ఆ 'తిరిగి' ఎందుకు? 1970లో ప్రకాశం జిల్లా పుట్టకముందు మనం నెల్లూరులోనే ఉండేవాళ్లం" అన్నారు. అబ్బాయి ఆ మాట చెరిపేశాడు. ఆ ఒక్క మాట చెరిపిన చోటు చూపించాక, బ్రిటన్ సవరణ గురించి నేను విడిగా చెప్పవలసింది ఏమీ మిగల్లేదు.

ఎవరికి ఓటు అన్నది ఆ తర్వాత చూడాలి. బ్రిటన్ 2015 బిల్లులో 16, 17 ఏళ్లవారికి ఓటు ఇవ్వాలని అక్కడి ఎగువ సభ లార్డ్స్ సవరించింది. దిగువ సభ కామన్స్ దాన్ని తిరస్కరించగా లార్డ్స్ చివరికి పట్టు వదిలింది. జపాన్ 2014లో చేసిన సవరణ రెఫరెండం ఓటు వయసును 18కి తెచ్చే దారి వేసింది. వయసుతో పాటు నివాసం గురించి ఏమన్నారో కూడా వెతకండి. మా బల్ల దగ్గర, కందుకూరు దగ్గరి ఉలవపాడు నుంచి వచ్చే అమ్మాయి బోర్డు మీది ప్రశ్న గురించి అడిగింది: "మా మామిడితోట ఉలవపాడులో ఉంది, నాన్న ఓటు ఒంగోలులో ఉంది. ఈ ప్రశ్నకు ఆయన ఓటు వేయొచ్చా సార్?" కందుకూరు వారిని మాత్రమే అడగాలా, రెండు జిల్లాల వారినీ అడగాలా అన్నది తేల్చకుండా ఆమెకు జవాబు చెప్పలేం.

అన్నిటికంటే ఎక్కువ సమయం లెక్క చెప్పే క్లాజుకు ఇవ్వండి. కాగితం మీద వందమంది ఓటర్లను అనుకుని లెక్క వేసి చూడాలి, ఊరికే చదివితే అర్థం కాదు. 1978 నాటి మన బిల్లులో మొత్తం ఓటర్లలో కనీసం 51 శాతం ఓటింగులో పాల్గొనాలన్న షరతు ఉంది. వందలో 51 మంది వచ్చి అందులో 26 మంది అవునంటే సవరణ నెగ్గుతుంది. 50 మంది వచ్చి 50 మందీ అవునన్నా నెగ్గదు. అంటే వ్యతిరేకులు బూత్‌కు వచ్చి కాదనడం కంటే ఇంట్లో కూర్చోవడమే వారికి లాభం కావచ్చు. సొంత శాసనసభ కావాలా అని 1979 మార్చి 1న స్కాట్లాండ్‌లో జరిగిన ఓటింగుకు మరో రకం షరతు పెట్టారు. జార్జ్ కన్నింగ్‌హామ్ అనే సభ్యుడి సవరణ ప్రకారం మొత్తం ఓటర్లలో 40 శాతం అవునని ఉండాలి. పోలైన ఓట్లలో 51.6 శాతం అవునన్నా, మొత్తం ఓటర్లలో అది 32.9 శాతమే కావడంతో అక్కడి శాసనసభ అప్పటికి ఏర్పడలేదు. జపాన్ చట్టంలో కనీస పోలింగు షరతే లేదు. దాన్ని పెట్టాలా వద్దా అన్న వాదన ఇంకా సాగుతూనే ఉంది. ఆస్ట్రేలియాలో దేశం మొత్తం మీద మెజారిటీతో పాటు 6 రాష్ట్రాల్లో కనీసం 4 రాష్ట్రాల మెజారిటీ కావాలి. ఏ షరతు న్యాయమో ముందే నిర్ణయించుకోకండి. ఆ షరతు వల్ల ఇంట్లో కూర్చున్న ఓటరు ఎవరి పక్షాన లెక్కకు వస్తాడో ముందు చూడండి.

ప్రభుత్వం ప్రచారంలో ఎంతవరకు దిగవచ్చు అన్న క్లాజు చర్చల్లో బాగా వేడి పుట్టిస్తుంది. బ్రిటన్‌లో ఓటింగుకు ముందు 28 రోజులు ప్రభుత్వం ప్రచార సామగ్రి ప్రచురించకూడదన్న నియమం ఉంది. 2015 బిల్లులో ఆ నియమాన్ని సడలించబోయిన ప్రభుత్వం సెప్టెంబరు 7న కామన్స్‌లో 312–285 ఓట్లతో ఓడిపోయింది. సొంత పార్టీ సభ్యులే ఎదురుతిరిగారు. ఐర్లండ్‌లో ప్రజాధనాన్ని ఒక పక్షం ప్రచారానికే ఖర్చు చేయరాదని 1995లో సుప్రీంకోర్టు చెప్పాక, 1998లో రెఫరెండం కమిషన్ కోసం చట్టం వచ్చింది. ఆస్ట్రేలియాలో ఇరుపక్షాల వాదనలూ కలిపి ప్రతి ఇంటికీ పంపే కరపత్రాన్ని 2023 రెఫరెండానికి ఆపేద్దామని ప్రభుత్వం మొదట ప్రతిపాదించింది. ప్రతిపక్షం అభ్యంతరంతో మళ్లీ ఉంచింది. అలాంటి చోట మంత్రి మొదటి ప్రసంగాన్నీ చివరి ప్రసంగాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే, ఎక్కడ వెనక్కి తగ్గారో వాక్యంతో సహా తెలుస్తుంది.

చివరగా తేదీలు. నిబంధనల మీద చర్చ అసలు ప్రశ్న ఖాయమయ్యాక జరిగితే, ప్రతి సవరణ వెనుకా ఓట్ల అంచనా ఉంటుందని అనుమానించడం తప్పు కాదు. గోవా విషయం ఇక్కడ పనికొస్తుంది. మహారాష్ట్రలో కలవాలా, కేంద్రపాలిత ప్రాంతంగా ఉండాలా అన్న ఓటింగు కోసం పార్లమెంటు 1966 చివర్లో చట్టం చేయగా, 1967 జనవరి 16న ఓటింగు జరిగింది. విలీనానికి పువ్వు, విడిగా ఉండడానికి రెండాకులు గుర్తులు. విలీనాన్ని కోరుతున్న ముఖ్యమంత్రి దయానంద్ బండోడ్కర్ ఓటింగుకు ముందే రాజీనామా చేశారు. వచ్చినవి విలీనానికి 1,38,170 ఓట్లు, విడిగా ఉండడానికి 1,72,191 ఓట్లు. వారాల వ్యవధిలో జరిగిన ఆ వ్యవహారాన్ని రోజుల వారీగా ఒక పేజీలో రాసుకుంటే, ఏ నియమం ఎప్పుడు ఖాయమైందో కంటికి కనిపిస్తుంది.

ఇలా ఒక చర్చ పూర్తయ్యాక, మీరే ఒక సవరణ రాయండి. ఒక వాక్యం చాలు. అయితే అది ఏ క్లాజులో, ఏ మాట తర్వాత చేరుతుందో చెప్పాలి. మా కందుకూరు ప్రశ్నకు మేం ఊహించుకున్న బిల్లు మీద ఉలవపాడు అమ్మాయి నోటుబుక్కులో రాసినది ఇలా ఉంది: "3వ క్లాజులో 'ఓటరు' అన్న మాట తర్వాత 'లేదా ఆ మండలంలో భూమి గలవారు' అని చేర్చవలెను." దాని కింద మరొకరు పెన్సిలుతో రాశారు: "భూమి లేని కూలీల మాటేమిటి?" వచ్చే ఆదివారం ఆ రెండు వాక్యాల మీదే డివిజన్.