డబుల్ పడ్డాక మొదటి ముక్క వేసే ముందు

బ్రిడ్జి పేకాటలో జోడీ డబుల్ (ప్రత్యర్థుల ఒప్పందం ఓడుతుందంటూ పాయింట్లు పెంచే పిలుపు) చెప్పగానే టెన్షన్‌తో ముక్క లాగేయకండి. వేలం మొత్తం ఒకసారి గుర్తు చేసుకోండి.

• మీ టేకౌట్ డబుల్‌ని (జోడీని ఒక రంగు చెప్పమని అడిగే డబుల్) జోడీ పాస్ చేసి శిక్షగా మార్చారా? తురుపు వేయండి.

• 3 నో ట్రంప్‌పై (తురుపు లేకుండా 9 పట్లు గెలుస్తామనే వేలం) డబుల్, మీ ఇద్దరిలో ఎవరూ రంగు చెప్పలేదు: డమ్మీ (ముక్కలు బల్లపై పరిచే ప్రత్యర్థి) మొదట చెప్పిన రంగు మామూలు లీడ్ (మొదటి ముక్క).

• స్లామ్‌పై (12 లేదా 13 పట్లు గెలుస్తామనే వేలం) డబుల్ అయితే అమెరికన్ ఆటగాడు థియోడర్ లైట్నర్ పద్ధతి. మామూలు లీడ్ వద్దని జోడీ అడుగుతున్నట్టు. తురుపు వద్దు, మీరిద్దరూ చెప్పిన రంగూ వద్దు. చాలాసార్లు జోడీ దగ్గర ఒక రంగు అసలు ఉండదు, తురుపుతో కోయడానికి కాచుకుని ఉంటారు. మీ చేతిలో ఎక్కువ ముక్కలున్న రంగు చూస్తే అదేదో తరచుగా తెలిసిపోతుంది. ఇక్కడే తీరిగ్గా ఆలోచించండి.

• ముక్కను బోర్లా పెట్టండి, జోడీ సందేహాలు తీరాకే తిప్పండి.